మయూరిని ఎవరూ అడగలేదు

శనివారం మీటింగులో మయూరి అడిగింది చాలా చిన్న ప్రశ్న. కడుపునొప్పికి సూది వేయించుకోవాలంటే పొద్దున ఏమీ తినకూడదా అని.

అప్పుడు రత్నాబాయి అందరికీ చాయ్ గ్లాసులు అందిస్తోంది. ఏ సూది, ఎవరు చెప్పారు అని అడిగింది. మయూరి ఎప్పటిలాగే ఒక్కో మాటా వెతుక్కుంటూ, దొరికిన మాటను వదలకుండా పట్టుకుని చెప్పుకొచ్చింది. బుధవారం తనను ఫోరస్ రోడ్డు అవతలి నర్సింగ్ హోంకు తీసుకుపోతారట. నెలనెలా వచ్చే నొప్పికి సూది వేస్తారట. ముందు రోజు రాత్రి నుంచి తిండి, నీళ్లు ముట్టకూడదట. మూడు రోజులు అక్కడే ఉండాలట. ఏడవకుండా ఉంటే స్వప్నిల్ అన్న కొత్త ఫోన్ కొనిస్తానన్నాడట.

రత్నాబాయి చేతిలోని గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టేసింది. ఆమెకిప్పుడు యాభై మూడేళ్లు. పదిహేనేళ్లప్పుడు ఆమెకూ పొద్దున తినొద్దని ఇలాగే చెప్పారు. ఆ రోజుల్లో ఫోన్లు లేవు గనక ఫలూదా తాగిస్తామన్నారు.

కామాటిపుర తొమ్మిదో గల్లీలో తెలుగువాళ్ల సంఘం హాలు మీద ఉన్న చిన్న గదిలో ఆ మీటింగు జరుగుతుంది. ప్రతి శనివారం రెండింటి నుంచి నాలుగింటిదాకా పదకొండు మంది చేరతారు. డాక్టర్లు కాగితాల మీద బుద్ధిమాంద్యం అని రాసిచ్చిన మనుషులు. గల్లీలో కొందరు వాళ్లను పిచ్చోళ్లంటారు, జాలిగలవాళ్లు దేవుడి బిడ్డలంటారు. ముప్పై ఏళ్లు దాటిన పింటూను ఇప్పటికీ బాబూ అని బుగ్గ గిల్లేవాళ్లున్నారు. పదకొండేళ్ల కింద దాదర్‌లో జరిగిన ఒక సభకు రత్నాబాయి ఊరికే తోడుగా వెళ్లింది. అక్కడ తనలాగే కాగితం మీద ఆ మాట రాయించుకున్నవాళ్లే మైకు పట్టుకుని తమ సంగతులు తామే చెప్పుకోవడం చూసింది. ఇంటికొచ్చి, పక్క చాల్ భవనంలోని ఇద్దరిని పోగేసి ఈ సంఘం మొదలుపెట్టింది. ఆమెకు బస్సు నంబర్లు తప్ప చదవడం రాదు. లేడీస్ టైలర్ దగ్గర జాకెట్లకు హుక్కులు కుడుతుంది. లెక్కలు తప్పుతుంది, కొత్త దారులు తప్పుతుంది. మనుషుల విషయంలో మాత్రం తప్పదు.

ఆ గదిలోని పద్ధతులన్నీ ఆమె పెట్టినవే. ఒకరు మాట్లాడుతుంటే, అది పది నిమిషాలు పట్టినా, మిగతావాళ్లు ఆగాలి. అమ్మానాన్నలైనా సరే, పిలిస్తేనే లోపలికి రావాలి. కాగితాలు చదివిపెట్టడానికి, ఉత్తరాలు రాయడానికి మనాలి అనే సోషల్ వర్కర్ వస్తుంది. ఆమె తొలి రోజుల్లో అందరి బదులూ తానే జవాబులు చెప్పేది. రత్నాబాయి ఆమెను నెల రోజులు గుమ్మం దగ్గర కూర్చోబెట్టింది. ఇక్కడ మాట్లాడేవాళ్లకు కొదవలేదు, వినేవాళ్లే తక్కువ, నువ్వు ఆ పని నేర్చుకో అని చెప్పింది.

ఆ శనివారం అందరూ వెళ్లాక మనాలి స్వప్నిల్‌కు ఫోన్ చేసింది. అతను మయూరికి అన్న, ఇంటింటికీ పార్సిళ్లు వేసే పని చేస్తాడు. దాచకుండా చెప్పేశాడు. చెల్లెలికి గర్భసంచి తీయిస్తున్నారు. అమ్మకు నెలనెలా బట్టలు ఉతికే బాధ తప్పుతుంది, పైగా బస్తీ మంచిది కాదు, రేపు ఏదైనా జరిగి కడుపు వస్తే ఏం చేస్తాం అని డాక్టరే సలహా ఇచ్చిందట. సంతకాలు తానే పెట్టాడు. మయూరికి మాత్రం చెప్పొద్దు, భయపడుతుంది అన్నాడు.

మనాలి ఫోన్ పెట్టేసి, రేపే వెళ్లి వాళ్లమ్మతో మాట్లాడదాం అంది. రత్నాబాయి ఒప్పుకోలేదు.

"మల్ల గూడ ఆ పోరి కడుపు గురించి ఆ పోరి లేనికాడ మాట్లాడుదమా?" అంది. "ముందుగాల మయూరికి జెప్పాలె. తర్వాతనే ఎవ్వలకైనా."

రత్నాబాయి సంగతి సంఘంలో అందరికీ తెలియదు. పదిహేనేళ్లప్పుడు అన్న బాలయ్య ఆమెను దవాఖానాకు తీసుకెళ్లాడు. అపెండిక్స్ అన్నారు. కుట్లు మానాయి, నెలసరి మళ్లీ రాలేదు. ఎందుకని వదినను అడిగితే, నీకు మంచిదే కదా, ఊరుకో అంది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ముప్పై నాలుగేళ్లప్పుడు గల్లీలో ఆడవాళ్ల ఆరోగ్యశిబిరం పెట్టారు. పొట్ట మీద మిషన్ పెట్టి చూసిన నర్సు, వరసలో నిలబడ్డ ఇరవై మంది ముందర, నీకు గర్భసంచి ఎప్పుడు తీశారు అని అడిగింది. రత్నాబాయి నాకెవరు తీశారు అంది. వెనక నిలబడ్డ పక్కింటావిడ, అప్పుడెప్పుడో చిన్నప్పుడే తీశారమ్మా, పాపం ఆమెకు తెలవదు అని నర్సుకు సర్దిచెప్పింది.

ఆ రోజు ఆమెకు దుఃఖం రాలేదు. తన కడుపు సంగతి గల్లీ మొత్తానికి తెలుసు, తనకు తప్ప. పంతొమ్మిదేళ్ల పాటు నళ్ దగ్గర నీళ్లు పట్టుకుంటూ తనతో మాట్లాడిన ప్రతి మనిషీ ఆ సంగతి తెలిసే మాట్లాడారు. ఇంట్లో గిన్నెలన్నీ విసిరికొట్టింది. బాలయ్య ఆమెను మళ్లీ దవాఖానాకు తీసుకెళ్లాడు. కోపం తగ్గడానికని అక్కడ మాత్రలు రాసిచ్చారు. రెండేళ్లు ఆ మాత్రలు మింగించారు. కోపం రావడం కూడా ఆమె జబ్బేనన్నారు.

ఆదివారం పొద్దున మయూరి గదికి వచ్చింది. మనాలి ఒక కాగితం మీద ఆడమనిషి బొమ్మ గీసి, కడుపులో గర్భసంచి ఎక్కడుంటుందో రంగు పెన్సిలుతో చూపించింది. రత్నాబాయి చెప్పింది. సూది కాదు, ఆపరేషన్. ఈ భాగం తీసేస్తారు. తీస్తే మళ్లీ పెట్టడం కుదరదు. నెలసరి ఆగిపోతుంది. పిల్లలు పుట్టరు. చిన్నప్పుడు మా అన్న నాకూ ఇదే తీయించాడు. ఇంత చెప్పి ఆగిపోయింది.

వద్దని చెప్పు అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగపట్టి ఆపుకుంది. ఆ మాట తాను చెబితే స్వప్నిల్‌కూ తనకూ తేడా ఏముంది? అతను ఒకటి నిర్ణయించాడు, తాను ఇంకొకటి నిర్ణయించినట్టవుతుంది. రెండుసార్లూ మయూరి కూర్చుని చూస్తూనే ఉంటుంది.

మయూరి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. నొప్పి పుడుతుందా అని అడిగింది. పుడుతుందని చెప్పారు. రక్తం మళ్లీ రానే రాదా అంది. రాదన్నారు. అది మంచిదే అంది మయూరి. ఇప్పుడు వచ్చే నొప్పికి ఆపరేషన్ కాకుండా ఇంకేమన్నా ఉందా అని అడిగితే, మందులుంటాయని, వేరే డాక్టరుకు చూపించుకోవచ్చని మనాలి చెప్పింది. మయూరి పెన్సిలు తీసుకుని, బొమ్మలోని ఆడమనిషికి ముక్కుపుల్ల పెట్టింది. తర్వాత మాట్లాడింది.

"నాకు పిల్లలు గావాల్నో వద్దో తెల్వదు. నేనింకా ఆలోచించలే. ఇప్పుడే తీసేస్తే, ఇగ నేనేం ఆలోచించాలె?"

మనాలి గోడ వైపు తిరిగింది. రత్నాబాయి మాత్రం మయూరి మొహంలోకే చూస్తూ, ఈ మాట నీదే, బాగా గుర్తుపెట్టుకో అంది.

అప్పుడే మయూరి, రత్నక్కా, నిన్నెవరడిగిండ్రు అంది. ఎవరూ అడగలేదని రత్నాబాయి చెప్పింది. మరి ఎందుకట్ల చేసినవని మీ అన్నను నువ్వు అడిగినవా అంది. అడుగుదామనుకుంటుండగానే ఆయన చచ్చిపోయాడు అంది రత్నాబాయి. ఆమె గొంతులో ఆ కోపం అలాగే ఉంది. అడగడానికి ఇప్పుడు ఎదురుగా మనిషి లేడు, అంతే.

ముగ్గురూ కలిసి మయూరి ఇంటికి వెళ్లారు. పదకొండో గల్లీలో మూడో అంతస్తు, చివరి ఖోలీ. మయూరి తల్లి సాయమ్మ మూడిళ్లలో వంట చేస్తుంది. ఆదివారం ఒక్కపూటే ఇంట్లో ఉంటుంది. భర్త రాములు కట్టుబడి పనిలో పరంజా మీద నుంచి పడి చనిపోయి ఆరేళ్లయింది. ఆమె చెడ్డ తల్లి కాదు. మయూరి పుట్టినప్పుడు అత్తగారు ఈ పిల్లను మహబూబ్‌నగర్ సొంతూరికి పంపేద్దామంటే, నా బిడ్డ నా దగ్గరే ఉంటుందని కొట్లాడి ఉంచుకున్న మనిషి.

మయూరి గుమ్మంలోంచే, అమ్మా, నాకు గర్భసంచి తీయించొద్దు అంది. సాయమ్మ పప్పు గిన్నె దించి, రత్నాబాయి వైపు చూసింది. నా పిల్ల బుర్రలో ఇవన్నీ ఎందుకు పెడుతున్నావని నిలదీసింది. పోయిన ఏడాది నళ్ దగ్గర ఒకడు మయూరి చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి పనికి వెళ్లినా ప్రాణం ఇంట్లోనే ఉంటోంది. తను ఎన్నాళ్లుంటుంది, తర్వాత ఎవరు చూస్తారు? చివరికి, నువ్వు తల్లివి కావు, నీకేం తెలుస్తుంది అనేసింది.

రత్నాబాయి కింద చాప మీద కూర్చుని, తన కథ చెప్పింది. పదిహేనేళ్లు, ఫలూదా, అపెండిక్స్, వరసలో ఇరవై మంది. ఏ మాటా పెంచలేదు, తగ్గించలేదు.

"నేను తల్లినెందుకు గాలేదో ఇప్పుడు తెల్సిందా, సాయమ్మా?" అంది. "ఒక్క సంగతి జెప్పు. గర్భసంచి తీస్తే ఆ నళ్ కాడోని చెయ్యి ఊడిపోతదా? వాడు మల్లీ పట్టుకుంటడు. ఏం జేసినా ఇగ కడుపు రాదు, వాడు జేసినట్టు గుర్తు గూడ ఉండదు. నువ్వు ఆపరేషన్ జేయించేది నీ బిడ్డ కోసం గాదు, వాని కోసం."

సాయమ్మ మొహం తిప్పుకుంది. స్వప్నిల్ లోపలి నుంచి వచ్చి, మరాఠీలో పిన్నీ అన్నట్టు, మావశీ, ఇది మా ఇంటి విషయం అన్నాడు. డాక్టర్ తేదీ ఇచ్చింది, ఇంటి మగవాడి సంతకం చాలంది, మీరింక వెళ్లండి అన్నాడు. గొంతు పెంచలేదు, మర్యాదగానే అన్నాడు. సంతకం పెట్టింది వాడు, కోసేది డాక్టర్, మంచం మీద పడుకోవాల్సింది మయూరి. ఇందులో ఇంటి విషయం ఏదో ఆ గదిలో ఎవరూ అతన్ని అడగలేదు.

మెట్ల దగ్గర రత్నాబాయి మయూరితో, బుధవారం నా ఖోలీకి వచ్చి ఉంటావా అంది. మయూరి ఆలోచించి వద్దంది. దాక్కుంటే ఇంకో బుధవారం పెడతారు. నేనే పోయి డాక్టర్‌కు చెప్తా అంది. అయితే మనం చెప్పడం సాధన చేద్దామా అని రత్నాబాయి అడిగింది. సోమ, మంగళవారాలు సాయంత్రం టైలర్ దుకాణం వెనకాల కూర్చున్నారు. రత్నాబాయి డాక్టర్ వేషం వేసింది. మయూరి మాట మధ్యలోనే తుంచేసింది, బుగ్గ తట్టింది, నవ్వింది, మయూరిని వదిలి, అక్కడ తల్లి కూర్చున్నట్టు పక్కనున్న కుర్చీతో మాట్లాడింది. మొదటిరోజు మయూరి రెండుసార్లు ఏడ్చింది. ఏడ్చినా సరే, ఏడుపయ్యాక వాక్యం పూర్తి చెయ్యి అంది రత్నాబాయి. రెండోరోజు మయూరి ఏడవలేదు. కుర్చీని పక్కకు జరిపేసి, దాని స్థానంలో తాను నిలబడింది. అది రత్నాబాయి నేర్పలేదు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి సాయమ్మ, స్వప్నిల్ మయూరిని ట్యాక్సీలో తీసుకెళ్లారు. రత్నాబాయి, మనాలి, పింటూ, శనివారం మీటింగుకు వచ్చే మేఘా అనే అమ్మాయి నర్సింగ్ హోం బయట మెట్ల మీద ముందే వచ్చి కూర్చున్నారు. మయూరి పిలిస్తేనే లోపలికి రావాలని ఒప్పందం.

లోపల నర్సు హిందీలో సాయమ్మను, ఈమె ఏమైనా తిన్నదా అని అడిగింది. లేదంది సాయమ్మ. మయూరి, నన్నడగండి, నేను రెండు చపాతీలు తిన్నా అంది. తల్లి లేవకముందే డబ్బాలో ఉన్నవి తీసి తినేసింది. నర్సు నవ్వి ఆమె గడ్డం పట్టుకుని, అల్లరి పిల్ల అంది. ఇరవై రెండేళ్ల మనిషి గడ్డం.

డాక్టరమ్మ వచ్చింది. విషయం విని విసుక్కుని, అయితే సాయంత్రం చేద్దాం, ఈలోగా ఇంకో ఫారం మీద సంతకం పెట్టండి అని సాయమ్మ ముందు కాగితం పెట్టింది. మయూరి లేచి, తల్లికీ డాక్టరుకూ మధ్య నిలబడింది. వచ్చిన హిందీలో, ఆగుతూ ఆగుతూ చెప్పింది.

"నా పేరు మయూరి. నాకు ఇరవై రెండేళ్లు. ఈ ఆపరేషన్ ఏంటో నాకు తెలుసు. నాకు వద్దు. నేనింకా ఆలోచించలేదు."

ఆ నాలుగు ముక్కలకు రెండు నిమిషాలు పట్టింది. డాక్టర్ ఆ రెండు నిమిషాలూ ఫోన్ చూసుకుంది. అయ్యాక, ఇవన్నీ ఎవరు నేర్పారు ఈమెకు అని నవ్వింది. మాట్లాడకపోతే వీళ్లకేం తెలియదు అంటారు. మాట్లాడితే ఎవరో నేర్పారు అంటారు. మయూరిలాంటివాళ్లు ఏ దారిన వెళ్లినా ఆ తలుపు మూసే ఉంటుంది.

మయూరి గుమ్మంలోకి వచ్చి, రత్నక్కా అని పిలిచింది. మనాలినీ రమ్మంది.

రత్నాబాయి లోపలికి వచ్చింది. "నేనే నేర్పిన," అంది తెలుగులోనే, తర్వాత హిందీలో. "నీకు గూడ ఎవరో నేర్పిండ్రు గద డాక్టరమ్మా, కోసుడు. అడుగుడు నేర్పలేదా?"

డాక్టర్ ఆమెను పట్టించుకోకుండా, చదువుకున్నట్టు కనిపించిన మనాలి వైపు తిరిగింది. వికలాంగుల హక్కుల చట్టం కాగితం మనాలి చేతిలో ఉంది. తనకు తెలిసి, ఇష్టపడి ఒప్పుకుంటే తప్ప వికలాంగులెవరికీ పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం చేయకూడదని రెండువేల పదహారు నుంచీ అందులో ఉంది. మనాలి ఆ వాక్యం చదివింది. ఇంకేం మాట్లాడకుండా కాగితం బల్ల మీద పెట్టి, మీరు మయూరితో మాట్లాడండి అంది.

డాక్టర్ గొంతు మారింది. ఈమెది ఏడేళ్ల పిల్ల బుద్ధి, నేను పరీక్ష రిపోర్టు చూశాను, ఏడేళ్ల పిల్లకు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఏం తెలుస్తుంది అంది.

"ఏడేండ్ల పిల్ల వద్దని మొత్తుకుంటే కోస్తవా మరి?" అంది రత్నాబాయి.

నర్సు కిందికి చూసింది. డాక్టర్ పెన్ను తీసి సాయమ్మ చేతిలో పెట్టి, తల్లి మీరు, నిర్ణయం మీదే, నాకు వేరే పేషెంట్లున్నారు అంది.

సాయమ్మ పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. మూడిళ్ల వంటతో కాలిన వేళ్లు అవి. ఇరవై రెండేళ్లుగా మయూరికి అన్నం ఎప్పుడు పెట్టాలో, ఏ గౌను తొడగాలో, ఎప్పుడు పడుకోబెట్టాలో ఆమే నిర్ణయించింది. ఎవరూ సాయం రాలేదు గనక ఒక్కతే నిర్ణయించింది. ఆ రోజు మొదటిసారి కూతురి వైపు తలెత్తి చూసింది.

"నువ్వు జెప్పు బిడ్డా. ఏం జేయమంటవ్?"

"వద్దు," అంది మయూరి. "ఇంటికి పోదాం. నాకు ఆకలైతుంది."

సాయమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది. స్వప్నిల్ ఏదో అనబోతే, నడువు అంది. వెనక నుంచి డాక్టర్, రేపు ఏదైనా జరిగాక ఏడుస్తూ నా దగ్గరికే వస్తారు అని చెప్పింది. తలుపు దాటేదాకా వినబడేలా చెప్పింది. స్వప్నిల్ ఆ తర్వాత నెల రోజులు రత్నాబాయితో మాట్లాడలేదు. మయూరి నొప్పికి వేరే చోట చూపిస్తే నెలకు నాలుగు మాత్రలతో తగ్గింది. నాలుగు మాత్రల నొప్పికి ఒక అవయవం తీసేయబోయారు.

నర్సింగ్ హోం మీద ఫిర్యాదు రాయాలని మయూరే అంది. ఆ శనివారం గదిలో ఆమె చెబుతుంటే మనాలి రాసింది. ఆ వార్త గల్లీలో పాకింది. నాలుగు రోజుల తర్వాత మేఘా తల్లి టైలర్ దుకాణానికి వచ్చింది. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చినట్టు నిలబడి, దుకాణంలో వేరేవాళ్లు వెళ్లిపోయాక, మేఘాకు కూడా అక్కడే తీయించామని చెప్పింది. మూడేళ్లయింది. అపెండిక్స్ అని చెప్పాం అంది.

రత్నాబాయి చేతిలోని సూది వేలిలో దిగింది. మేఘా. ఆ బుధవారం మెట్ల మీద తన పక్కనే కూర్చున్న మేఘా. మయూరి బయటికి రాగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టిన మేఘా. ఆ భవనంలోనే తనకేం జరిగిందో తెలియకుండా ఆ మెట్ల మీద కూర్చుంది.

ఇప్పుడు చెప్పి ఏం లాభం, పిల్ల సంతోషంగా ఉంది కదా అంది తల్లి. ఆ మాటతో రత్నాబాయి ఒళ్లు మండింది. ఆ సంతోషం మేఘాది కాదు, నీది అని చెప్పింది. శనివారంలోగా నువ్వు చెప్పు, నీకు ధైర్యం లేకపోతే మేం పక్కన ఉంటాం. చెప్పకుండా మాత్రం ఉండటానికి లేదు అంది.

ఒక్కదాన్నే చెప్పలేనని తల్లి అంది. దుకాణం వెనకాల కూర్చుని ఇదంతా విన్న మయూరి, నేను చెప్తా, బొమ్మ నా దగ్గరుంది అంది. రత్నాబాయికి మొదట భయం వేసింది. మయూరి ఒక మాట అటు ఇటు అంటే మేఘా ఏమైపోతుందో అని. కానీ తనకు ఆ సంగతి తెలిసిన రోజు పక్కన ఉన్న ఇరవై మందికీ మాటలు బాగా వచ్చు. వాళ్లేం చేశారు? ఆమె మయూరికి కొన్ని సంగతులే చెప్పింది. నలుగురిలో చెప్పొద్దు. మెల్లగా చెప్పు. చెప్పాక ఆగు. మేఘా అడిగేదాకా ఇంకో మాట మాట్లాడకు. నీకేం చెప్పాలో తెలియకపోతే, తెలియదని చెప్పు.

శుక్రవారం సాయంత్రం గదిలో మయూరి, మేఘా, ఆమె తల్లి, రత్నాబాయి, నలుగురే ఉన్నారు. మయూరి బొమ్మ పరిచి, ముక్కుపుల్ల ఉన్న ఆడమనిషి కడుపు మీద వేలు పెట్టి చెప్పింది. ఇది నీకు లేదు మేఘా. మూడేండ్ల కింద తీసిండ్రు. నీకు జెప్పలే. అంతే చెప్పి ఆగింది.

మేఘా బొమ్మనూ తన పొట్టనూ మార్చి మార్చి చూసింది. "అందరికీ తెల్సా?" అంది.

"ఇక్కడున్న నలుగురికే తెల్సు. ఇంక ఎవ్వలకు జెప్పాల్నో నువ్వే జెప్పాలె," అంది మయూరి.

మేఘా లేచి గోడను గుద్దడం మొదలుపెట్టింది. తల్లి ఏడుస్తూ పట్టుకోబోయింది. రత్నాబాయి అడ్డుపడింది. ఆమెకు కోపం వచ్చింది, రానీ అంది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు. నీళ్లు తాగమనలేదు, దేవుడి రాత అనలేదు, మాత్ర ఇవ్వలేదు. చేతులు నొప్పి పుట్టాక మేఘా తానే ఆగింది. తల్లిని బయటికి వెళ్లమంది. ఆమె వెళ్లాక మయూరి పక్కన కూర్చుని, ఆ ఫిర్యాదులో నా పేరు కూడా రాయమను అంది. తన పేరు తాను రాసుకోవడం మేఘాకు వచ్చు. రాసింది. అక్షరాలు కాగితం అవతలి పక్కకు కూడా అచ్చుపడేంత గట్టిగా రాసింది.

ఫిర్యాదు మీద విచారణ రెండు నెలలకు వికలాంగుల కమిషనర్ ఆఫీసులో వచ్చింది. పదకొండు మందీ బస్సులో వెళ్లారు. సాయమ్మ ఆ రోజు మూడిళ్లకూ సెలవు చెప్పి వచ్చింది. రత్నాబాయి చివరి వరసలో కూర్చుంది. ముందు కుర్చీలు మయూరికీ మేఘాకూ వదిలేశారు. నర్సింగ్ హోం తరఫు వకీలు, కుటుంబాలే అడిగాయి, మేం సేవ చేశాం అన్నాడు. సేవ అనే మాట ఆయన మూడుసార్లు వాడాడు. మేఘా ఫైలు ఏదని అడిగితే, పాత కాగితాలు వానాకాలంలో తడిసిపోయాయన్నాడు. చివరి వరసలో రత్నాబాయి చీర కొంగును పిడికిట్లో నలిపేసింది. లేవలేదు. లేస్తే తాను మాట్లాడేస్తుంది, ముందున్న ఇద్దరూ వెనక్కి తిరిగి చూస్తారు.

అధికారి ఏదో రాసుకుని, మనాలి వైపు చూసి, విషయం వాయిదా వేస్తున్నాను, రికార్డులు దాఖలు చేయాల్సిందిగా ఆదేశిస్తున్నాను, తదుపరి తేదీ తెలియజేయబడుతుంది అన్నాడు. మయూరి చెయ్యెత్తింది. నాకు అర్థం కాలేదు, మామూలు మాటల్లో చెప్పండి అంది. ఆయన అదే వాక్యాన్ని కాస్త గట్టిగా చెప్పాడు, వినపడలేదనుకున్నట్టు. మయూరి చెయ్యి దించలేదు. వెనక ఎవరో గుమస్తా గడియారం చూసుకున్నాడు. ఫిర్యాదు చేసింది మేమిద్దరం, మాకు అర్థమయ్యేలా చెప్పాలి అంది మేఘా.

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కుర్చీ కొంచెం జరిపి, వాళ్లిద్దరి వైపు తిరిగాడు. ఈ రోజు ఏమీ తేలలేదమ్మా, అన్నాడు. వాళ్లు కాగితాలు తేవాలి. డైరీ చూసి, వచ్చే నెల పద్దెనిమిదో తారీఖు మీరు మళ్లీ రావాలి అన్నాడు.

వస్తామని చెప్పి, మయూరి ఆ తారీఖును అరచేతి మీద రాయించుకుంది.